కంపైలర్ వెర్షన్‌ను పిన్ చేస్తున్నారా? పక్కనే కారణం కూడా రాయండి

నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేకుండా బిల్డ్ అయిన ప్యాకేజీ, డిస్ట్రో (లినక్స్ పంపిణీ) అప్‌గ్రేడ్ అయిన మర్నాడే పేజీల కొద్దీ ఎర్రర్లతో ఆగిపోతుంది. సోర్సులో ఒక్క అక్షరం మారలేదు. మారింది కంపైలర్, అంటే సోర్సును మెషీన్ నడిపే ప్రోగ్రాంగా మార్చే సాధనం. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే: జీసీసీ అనే ఆ కంపైలర్ పాత వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసి, బిల్డ్ స్క్రిప్టు మొదట్లో సీసీ=జీసీసీ-12 అని ఒక లైను రాసి ముందుకు సాగిపోతారు. ఆ లైను ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఎందుకు రాశారో రాసినవాళ్లకే గుర్తుండదు. తరవాత వచ్చినవాళ్లకు దాన్ని ముట్టుకోవాలంటే భయం.

కంపైలర్‌ను పిన్ చేయడం, అంటే ఫలానా వెర్షన్‌కే కట్టేయడం, తప్పని నేను అనను. కొన్నిచోట్ల చేయకపోవడమే తప్పు. కానీ చేసే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి: ఈ వెర్షనే కావాలని అడుగుతున్నది ఎవరు? కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), క్యూడా (ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల మీద ప్రోగ్రాములు రాసే సాధనం), ఎవరో ముందే బిల్డ్ చేసి ఇచ్చిన లైబ్రరీ లాంటివి అడుగుతుంటే పిన్ చేయండి, వేరే దారి లేదు. అడుగుతున్నది పాతబడిన సోర్సే అయితే మాత్రం దానికి కావలసింది పాత కంపైలర్ కాదు. చాలాసార్లు ఒక్క ఫ్లాగు (కంపైలర్‌కు కమాండ్ లైనులో ఇచ్చే సూచన) చాలు. ఈ రెండిట్లో ఏది చేసినా కారణం ఆ లైను పక్కనే ఉండాలి.

ముందు ఎర్రర్ చదవండి

జీసీసీ దాదాపు ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒక పెద్ద వెర్షన్ విడుదల చేస్తుంది. దాంతోపాటే పాత కోడ్ ఎక్కడెక్కడ విరుగుతుందో చెప్పే పోర్టింగ్ గైడ్ కూడా వస్తుంది. ఆ గైడ్లు నాలుగైదు వరసగా చదివితే ఒక సంగతి అర్థమవుతుంది: ప్యాకేజీలను మూకుమ్మడిగా విరగ్గొట్టే మార్పులు ఒక్కో వెర్షన్‌కు రెండో మూడో ఉంటాయి, వాటిలో ఎక్కువ వాటికి పాత ప్రవర్తనను తిరిగి తెచ్చే ఫ్లాగు ఉంటుంది.

2020లో వచ్చిన జీసీసీ 10 సంగతి చూడండి. అంతకుముందు హెడర్ ఫైల్లో ఎక్స్‌టర్న్ లేకుండా "ఇంట్ కౌంట్;" అని రాసి, ఆ హెడర్‌ను పది సీ ఫైళ్లలో ఇన్‌క్లూడ్ చేసినా లింకర్ వాటన్నిటినీ ఒకే వేరియబుల్‌గా కలిపేసేది. జీసీసీ 10 నుంచి -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది. అదే కోడ్ ఇప్పుడు లింక్ దశలో "మల్టిపుల్ డెఫినిషన్" అంటూ ఆగిపోతుంది. సరైన మరమ్మతు హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, ఒక్క సీ ఫైల్లో మాత్రమే అసలు నిర్వచనం ఉంచడం. అంత తీరిక లేకపోతే సీఫ్లాగ్స్‌లో -ఎఫ్‌కామన్ చేర్చితే సరి. దీనికోసం జీసీసీ 9ని మెషీన్‌లోకి తెచ్చుకోవాల్సిన పని లేదు.

అదే జీసీసీ 10లో ఫోర్ట్రాన్ వాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. ఒకే సబ్‌రొటీన్‌ను ఒకచోట రియల్ అరేతో, మరోచోట ఇంటీజర్ అరేతో పిలిచే పాత సైంటిఫిక్ కోడ్‌కు "టైప్ మిస్‌మ్యాచ్", "ర్యాంక్ మిస్‌మ్యాచ్" ఎర్రర్లు మొదలయ్యాయి. ఎంపీఐ (చాలా ప్రాసెసర్ల మధ్య సందేశాలు పంపే లైబ్రరీ ప్రమాణం) వాడే పాత ప్రోగ్రాములు చాలా ఇక్కడే తడబడ్డాయి. -ఎఫ్ఎలో-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ అన్న ఫ్లాగుతో అవి మళ్లీ వార్నింగులుగా మారతాయి.

2021 నాటి జీసీసీ 11లో సీ++ డిఫాల్ట్ ప్రమాణం సీ++17 అయింది. "త్రో" జాబితాలు, "రిజిస్టర్" అన్న కీవర్డ్ వాడిన కోడ్ ఆగిపోయింది. -ఎస్‌టీడీ=జీఎన్‌యూ++14 పెడితే కదులుతుంది. 2023 నాటి జీసీసీ 13లో లిబ్‌ఎస్‌టీడీసీ++ (జీసీసీతో వచ్చే సీ++ ప్రామాణిక లైబ్రరీ) హెడర్లు ఒకదాన్నొకటి లోపల ఇన్‌క్లూడ్ చేసుకోవడం తగ్గింది. సీఎస్‌టీడీఇంట్ హెడర్‌ను స్వయంగా ఇన్‌క్లూడ్ చేయకుండా ఇతర హెడర్ల పుణ్యాన బతికిన కోడ్‌కు "యూఇంట్32_టీ డజ్ నాట్ నేమ్ ఏ టైప్" అన్న ఎర్రర్ అప్పుడు పరిచయమైంది. సోర్సులో ఒక్క ఇన్‌క్లూడ్ లైను చాలు. సోర్సు ముట్టుకోకూడదంటే సీఎక్స్ఎక్స్‌ఫ్లాగ్స్‌లో "-ఇన్‌క్లూడ్ సీఎస్‌టీడీఇంట్" అని ఇస్తే, ప్రతి ఫైలు మొదట్లోనూ ఆ హెడర్ తానే చేరుతుంది.

2025లో వచ్చిన జీసీసీ 15 సీ భాషకు డిఫాల్ట్‌గా సీ23ని తెచ్చింది. బూల్, ట్రూ, ఫాల్స్ ఇప్పుడు కీవర్డ్‌లు. "టైప్‌డెఫ్ ఇంట్ బూల్;" అని సొంతంగా రాసుకున్న పాత హెడర్లు అక్కడే ఆగుతాయి. ఖాళీ బ్రాకెట్లతో ప్రకటించిన ఫంక్షన్‌కు "ఆర్గ్యుమెంట్లు ఏవైనా ఇవ్వొచ్చు" అన్న పాత అర్థం పోయి, "ఆర్గ్యుమెంట్లు లేవు" అన్న అర్థం వచ్చింది. ఫంక్షన్ పాయింటర్లను అలా ప్రకటించే పాత కోడ్‌లో దీని దెబ్బ గట్టిగానే ఉంటుంది. -ఎస్‌టీడీ=జీఎన్‌యూ17 ఇస్తే పాత అర్థాలు తిరిగి వస్తాయి.

ఫ్లాగుకూ పిన్‌కూ తేడా ఇక్కడ ఉంది. ఫ్లాగు భాషలోని ఒక్క నియమాన్నే సడలిస్తుంది. కంపైలర్ తాలూకు మిగతా మెరుగుదలలు, బగ్ ఫిక్సులు, కొత్త వార్నింగులు, భద్రతా సదుపాయాలు అన్నీ మీకు అందుతూనే ఉంటాయి. పైగా ఫ్లాగు పేరే కారణం చెబుతుంది. -ఎఫ్‌కామన్ అని చూడగానే లోపల ఏ జబ్బు ఉందో తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది. సీసీ=జీసీసీ-9 అన్న లైను ఏమీ చెప్పదు.

ఇక వార్నింగులను ఎర్రర్లుగా మార్చే -డబ్ల్యూఎర్రర్ సంగతి. కొత్త కంపైలర్ కొత్త వార్నింగు ఇచ్చింది, సోర్సు వాళ్లు మేక్‌ఫైల్‌లో -డబ్ల్యూఎర్రర్ పెట్టి ఉన్నారు, బిల్డ్ ఆగింది. దీనికి కంపైలర్‌ను పిన్ చేయడం పూర్తిగా తప్పు దారి. -డబ్ల్యూఎర్రర్ ఆ ప్రాజెక్టును రాసేవాళ్ల సీఐలో (ప్రతి మార్పునూ తానే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థలో) ఉండాల్సిన వస్తువు, ప్యాకేజీ కట్టేవాళ్ల దగ్గర కాదు. బైన్‌యుటిల్స్, జీడీబీ లాంటి వాటిలో కాన్ఫిగర్‌కు --డిసేబుల్-డబ్ల్యూఎర్రర్ ఇవ్వొచ్చు. మిగతావాటిలో దాన్ని మేక్‌ఫైల్ నుంచి తీసేయండి.

అన్నిటికన్నా ప్రమాదం: ఎర్రర్ రాకపోవడం

2024 మే నెలలో వచ్చిన జీసీసీ 14 గురించి విడిగా చెప్పాలి. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం, టైపు రాయకుండా వదిలేసి ఇంట్ అనుకోవడం, ఇంటీజర్‌ను పాయింటర్‌లో వేయడం, పొంతన లేని పాయింటర్లను కలపడం ఇందులో వార్నింగులుగా కాక ఎర్రర్లుగా మారాయి. మొదటి రెండిటినీ సీ ప్రమాణం 1999లోనే తీసేసింది. కంపైలర్లు పాతికేళ్లు ఓపిక పట్టాయి. క్లాంగ్ అయితే 2023 నాటి 16వ వెర్షన్‌లోనే ఈ దారి పట్టింది.

ఈ మార్పు మంచిదే. ప్రకటించని ఫంక్షన్ ఇంట్ తిరిగి ఇస్తుందని కంపైలర్ ఊహించుకునేది. అసలు ఫంక్షన్ పాయింటర్ తిరిగి ఇచ్చేదైతే 64 బిట్ల అడ్రసులో 32 బిట్లే మిగిలేవి. ప్రోగ్రాం బిల్డ్ అయ్యేది, ఎప్పుడో ఒకప్పుడు కుప్పకూలేది. ఇప్పుడు ముందే ఆగుతోంది.

ప్యాకేజీ కట్టేవాళ్లకు అసలు చిక్కు కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఉంది. కాన్ఫిగర్ ఏం చేస్తుంది? చిన్న చిన్న సీ ప్రోగ్రాములు రాసి, కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే "ఆ సదుపాయం ఉంది", కాకపోతే "లేదు". ఈ పరీక్షా ప్రోగ్రాములు చాలావరకు 1990ల నాటి శైలిలో ఉంటాయి. మెయిన్‌కు టైపు ఉండదు, ఎస్‌టీడీలిబ్ ఇన్‌క్లూడ్ చేయకుండానే ఎగ్జిట్‌ను పిలుస్తారు. జీసీసీ 13 వాటిని వార్నింగుతో వదిలేసేది. జీసీసీ 14 ఎర్రర్ ఇస్తుంది. మీ సిస్టంలో ఆ సదుపాయం భేషుగ్గా ఉన్నా, పరీక్షా ప్రోగ్రాం రాసిన తీరు బాగాలేక కాన్ఫిగర్ "లేదు" అని రాసుకుంటుంది. ఆ తరవాత బిల్డ్ హాయిగా పూర్తవుతుంది. ప్యాకేజీ తయారవుతుంది. అందులో ఒక సదుపాయం మాత్రం ఉండదు. దాని బదులు నెమ్మదిగా నడిచే ప్రత్యామ్నాయ కోడ్ ఉండవచ్చు, లేదా భద్రతకు సంబంధించిన ఒక పిలుపే మాయమై ఉండవచ్చు. ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎక్కడా ఎర్రర్ కనిపించలేదు.

అందుకే కంపైలర్ మారినప్పుడల్లా ఒక పని తప్పనిసరిగా చేయండి. పాత కంపైలర్‌తో ఒక ఫోల్డర్‌లో, కొత్తదానితో మరో ఫోల్డర్‌లో కాన్ఫిగర్ నడిపి, రెండుచోట్ల తయారైన కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లను డిఫ్‌తో పోల్చండి. తేడా ఏమీ లేకపోతే నిశ్చింత. "హ్యావ్" అని మొదలయ్యే లైను ఒకటి ఒకవైపు డిఫైన్ అయి, రెండోవైపు కామెంట్‌గా ఉంటే, కొత్త ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్ తెరిచి ఆ పరీక్ష పేరు వెతకండి. ఫెయిలైన ప్రోగ్రాం, కంపైలర్ ఇచ్చిన ఎర్రర్ అక్కడ పూర్తిగా ఉంటాయి. అందులో "ఇంప్లిసిట్ డిక్లరేషన్" అన్న మాట కనిపిస్తే దొంగ దొరికినట్టే. సీఫ్లాగ్స్‌లో -ఎఫ్‌పర్మిసివ్ ఇస్తే జీసీసీ 14 ఆ ఎర్రర్లను తిరిగి వార్నింగులుగా మారుస్తుంది. దాన్ని కాన్ఫిగర్ నడిపే ముందే ఇవ్వాలి, మేక్ దగ్గర ఇస్తే అప్పటికే ఆలస్యం. ఇదే తర్కంతో, కాన్ఫిగర్ నడిపేటప్పుడు సీఫ్లాగ్స్‌లో -డబ్ల్యూఎర్రర్ ఎన్నడూ ఉండకూడదు. ఉంటే పరీక్షలు మూకుమ్మడిగా ఫెయిలై, సదుపాయాలన్నీ "లేవు" అవుతాయి.

ఇలాంటి ప్యాకేజీకి, కాన్ఫిగర్ స్క్రిప్టును సరిచేసే వరకు జీసీసీ 13కు పిన్ చేయడాన్ని నేను సమర్థిస్తాను. సందేహంతో కొత్తది వాడి సగం ప్యాకేజీ ఇవ్వడం కన్నా తెలిసి పాతది వాడడం మేలు. కానీ "ఎఫ్‌పర్మిసివ్ ఇచ్చినా కాన్ఫిగ్.హెచ్‌లో ఈ ఫలానా లైను తేడాగా ఉంది" అని అక్కడే రాసి ఉండాలి.

మరో రకం నిశ్శబ్ద నష్టం ప్రోగ్రాం నడిచేటప్పుడు బయటపడుతుంది. 2016 నాటి జీసీసీ 6, సీ++ మెంబర్ ఫంక్షన్లలో "దిస్" పాయింటర్ ఎప్పుడూ నల్ కాదని అనుకోవడం మొదలుపెట్టింది. భాషా ప్రమాణం ప్రకారం అది సరైనదే. కానీ "దిస్ నల్ అయితే వెనక్కి వెళ్లు" అని రాసిన చెక్‌లన్నీ ఆప్టిమైజేషన్‌లో మాయమయ్యాయి. క్యూటీ 5, క్రోమియం, కేడెవలప్ అంతటి ప్రాజెక్టులే దీనివల్ల దెబ్బతిన్నాయని జీసీసీ తన విడుదల పత్రంలోనే పేర్లతో చెప్పింది. ఇలా పాతదానితో నడిచి కొత్తదానితో క్రాష్ అయితే జనం వెంటనే కంపైలర్ బగ్ అంటారు. ఎక్కువసార్లు అది సోర్సులో ముందునుంచీ ఉన్న దోషమే. -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్,అన్‌డిఫైన్డ్ తో బిల్డ్ చేసి టెస్టులు నడపండి. అక్కడ తేలకపోతే -ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్, -ఎఫ్‌రాప్‌వీ, -ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్ ఒక్కొక్కటే విడివిడిగా పెట్టి చూడండి. ఏది పెడితే క్రాష్ ఆగిందో దాన్నిబట్టి దోషం ఏ జాతిదో తెలుస్తుంది.

పిన్ చేయక తప్పని చోట్లు

కెర్నెల్ మాడ్యూళ్లు మొదటివి. మాడ్యూల్‌ను, కెర్నెల్ ఏ కంపైలర్‌తో బిల్డ్ అయిందో దానితోనే బిల్డ్ చేయాలి. ఉబుంటు 22.04లో చాలామంది ఇక్కడ ఇరుక్కున్నారు. ఆ విడుదలలో డిఫాల్ట్ జీసీసీ 11. తరవాత వచ్చిన 6.5 హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే) కెర్నెల్ మాత్రం జీసీసీ 12తో బిల్డ్ అయింది. కెర్నెల్ అప్‌డేట్ కాగానే గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ బిల్డ్ ఆగిపోయి, "అన్‌రికగ్నైజ్డ్ కమాండ్-లైన్ ఆప్షన్ -ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో" అన్న ఎర్రర్ వచ్చేది. ఆ ఫ్లాగు జీసీసీ 12లోనే పుట్టింది, 11కు తెలియదు. మందు సులువు: జీసీసీ-12 ఇన్‌స్టాల్ చేసి, మాడ్యూల్ బిల్డ్‌కు అదే ఇవ్వడం. మీ కెర్నెల్ దేనితో బిల్డ్ అయిందో /ప్రాక్/వెర్షన్ ఫైలు చూస్తే తెలుస్తుంది.

రెండోది క్యూడా. దాని కంపైలర్ ఎన్‌వీసీసీ సొంతంగా సీ++ మొత్తాన్నీ కంపైల్ చేయదు. సీపీయూ వైపు కోడ్‌ను జీసీసీకి అప్పగిస్తుంది, జీసీసీ తాలూకు హెడర్లను తన పార్సర్‌తో చదువుతుంది. కాబట్టి ప్రతి క్యూడా వెర్షన్‌కు ఒక పై హద్దు ఉంటుంది. క్యూడా 11.8 జీసీసీ 11 వరకే ఒప్పుకుంటుంది. ఉబుంటు 24.04లో డిఫాల్ట్ జీసీసీ 13 కనుక, "అన్‌సపోర్టెడ్ గ్నూ వెర్షన్" అని వెంటనే ఆగిపోతుంది. -ఎలో-అన్‌సపోర్టెడ్-కంపైలర్ అన్న ఫ్లాగు ఆ తనిఖీని దాటవేస్తుంది గానీ కొత్త హెడర్లను చదివే శక్తిని ఇవ్వదు. తనిఖీ దాటినంత మాత్రాన గండం గడవదనడానికి ఉబుంటు 22.04లోనే ఉదాహరణ ఉంది. అక్కడి ప్యాకేజీలో క్యూడా 11.5, డిఫాల్ట్ జీసీసీ 11. తనిఖీ దాటినా, జీసీసీ 11 ఫంక్షనల్ హెడర్ దగ్గర "పారామీటర్ ప్యాక్స్ నాట్ ఎక్స్‌పాండెడ్" అని పడిపోయేది. జీసీసీ 10కు పిన్ చేస్తేనే పని జరిగింది. ఇక్కడ పిన్ చేయాల్సింది మొత్తం ప్రాజెక్టును కాదని గుర్తుంచుకోండి. క్యూడాహోస్ట్‌సీఎక్స్ఎక్స్ అన్న వేరియబుల్‌కో, సీమేక్‌లోని సీమేక్_క్యూడా_హోస్ట్_కంపైలర్‌కో పాత జీ++ పేరు ఇస్తే క్యూడా ఫైళ్లకు మాత్రమే అది వర్తిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. ఎల్‌టీఓతో (లింక్ దశలో చేసే ఆప్టిమైజేషన్‌తో) తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఉండేది జీసీసీ అంతర్గత బైట్‌కోడ్, పెద్ద వెర్షన్ మారితే అది పనికిరాదు. ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైళ్లదీ ఇంచుమించు ఇదే కథ, వాటి ఫార్మాట్ మారిన చోట "క్రియేటెడ్ బై ఏ డిఫరెంట్ వెర్షన్" అన్న ఎర్రర్ వస్తుంది. కవరేజీకి వాడే జీకోవ్ కూడా జీసీసీకి జతగా అదే వెర్షన్‌ది ఉండాలి. ఇక బిట్టు బిట్టు సరిపోయే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ కావాలంటే కంపైలర్‌ను చిన్న వెర్షన్‌తో సహా పిన్ చేయాల్సిందే. డెబియన్ ప్రతి బిల్డ్‌కూ .బిల్డ్‌ఇన్ఫో ఫైల్లో అప్పుడున్న ప్యాకేజీల ఖచ్చితమైన వెర్షన్లు రాసిపెట్టేది అందుకే.

పిన్ నిజంగా పడిందా?

లైను రాసినంత మాత్రాన పిన్ పడదు. సాధారణ మేక్‌ఫైల్‌లో "సీసీ = జీసీసీ" అని ఉంటే, మీరు షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన సీసీని అది పట్టించుకోదు. మేక్‌ఫైల్‌లోని కేటాయింపుదే పైచేయి. అదే విలువను మేక్ తరవాత, ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే మేక్‌ఫైల్‌లోని కేటాయింపు ఓడిపోతుంది. అంటే "సీసీ=జీసీసీ-12 మేక్" వేరు, "మేక్ సీసీ=జీసీసీ-12" వేరు. కెర్నెల్‌కు రెండోదే పనిచేస్తుంది, బిల్డ్ సమయంలో వాడే సహాయక ప్రోగ్రాములకు హోస్ట్‌సీసీ కూడా విడిగా ఇవ్వాలి.

సీమేక్ మొదటిసారి నడిచినప్పుడు దొరికిన కంపైలర్‌ను క్యాష్‌లో రాసుకుంటుంది. ఆ తరవాత అదే ఫోల్డర్‌లో సీసీ మార్చి ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఉండదు. బిల్డ్ ఫోల్డర్ తుడిచేయండి, లేదా సీమేక్ 3.24 నుంచి ఉన్న --ఫ్రెష్ వాడండి. ఆటోటూల్స్‌లో అయితే కాన్ఫిగర్ తయారుచేసిన లిబ్‌టూల్ స్క్రిప్టులో పాత కంపైలర్ పేరు ఉండిపోతుంది, అక్కడా కొత్త ఫోల్డరే మేలు. సీసీ ఒక్కటే మార్చి సీఎక్స్ఎక్స్ మరిచిపోవడం రోజూ కనిపించే పొరపాటు. సీ ఫైళ్లు ఒక వెర్షన్‌తో, సీ++ ఫైళ్లు మరో వెర్షన్‌తో బిల్డ్ అవుతాయి. ఎల్‌టీఓ ఉంటే లింక్ దశలో గొడవ మొదలవుతుంది. ఎల్‌టీఓ వాడేచోట ఏఆర్, ర్యాన్‌లిబ్‌ల బదులు జీసీసీ-ఏఆర్-12, జీసీసీ-ర్యాన్‌లిబ్-12 కూడా ఇవ్వాలి.

ఆర్ భాషలో ప్యాకేజీలు కట్టేవాళ్లు హోమ్ ఫోల్డర్‌లోని .ఆర్ కింద మేక్‌వార్స్ ఫైల్లో రాయాలి. అక్కడ సీఎక్స్ఎక్స్ మాత్రమే కాక సీఎక్స్ఎక్స్17 లాంటివి విడివిడిగా ఉంటాయి, ప్యాకేజీ ఏ ప్రమాణం అడిగితే ఆ వేరియబుల్ తీసుకుంటుంది. పైథాన్ ఎక్స్‌టెన్షన్లు, పైథాన్ తాను బిల్డ్ అయినప్పటి కంపైలర్‌ను గుర్తుపెట్టుకుని అదే వాడబోతాయి. షెల్‌లో సీసీ ఇస్తే ఇవి వింటాయి.

అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో సిస్టం మొత్తానికి జీసీసీ అంటే 12 అని మార్చడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఒక ప్యాకేజీ కోసం మొదలుపెట్టిన మార్పు డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూళ్లను మళ్లీ బిల్డ్ చేసేది) దాకా, పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చేది) దాకా పాకుతుంది. వచ్చే కెర్నెల్ అప్‌డేట్‌కు మాడ్యూల్ బిల్డ్ ఎందుకు ఆగిందో వెతుక్కోవాల్సి వస్తుంది. పిన్ ప్యాకేజీకే పరిమితం కావాలి. జెంటూలో /ఈటీసీ/పోర్టేజ్/ఎన్వ్ కింద సీసీ, సీఎక్స్ఎక్స్ రాసిన చిన్న ఫైలు పెట్టి, ప్యాకేజీ.ఎన్వ్‌లో ఒక్క ప్యాకేజీ పేరు పక్కన ఆ ఫైలు పేరు రాస్తే సరిపోతుంది. డెబియన్‌లో బిల్డ్-డిపెండ్స్‌లో జీసీసీ-12 చేర్చి, రూల్స్ ఫైల్లో ఎక్స్‌పోర్ట్ చేస్తారు. స్పాక్‌లో ప్యాకేజీ పేరు తరవాత శాతం గుర్తుతో కంపైలర్, వెర్షన్ రాస్తారు. అన్నిటా సూత్రం ఒకటే.

కంపైలర్ ఒక్కటే పిన్ చేస్తే చాలని చోటు

మీ మెషీన్‌లో బిల్డ్ చేసిన బైనరీ పాత సర్వర్‌లో "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అంటే, కంపైలర్‌ను ఎంత వెనక్కి తీసుకెళ్లినా లాభం లేదు. ఆ సింబల్ వెర్షన్లు వచ్చేది బిల్డ్ మెషీన్‌లోని జీలిబ్‌సీ (సిస్టంలోని సీ లైబ్రరీ) నుంచి. పాత డిస్ట్రో కంటైనర్‌లోనే బిల్డ్ చేయాలి. పైథాన్ వీల్స్ కోసం వాడే మెనీలినక్స్2014 ఇమేజ్ సెంటోస్ 7 మీద, జీలిబ్‌సీ 2.17తో ఉండేది ఇందుకే. అందులోని కంపైలర్ మాత్రం జీసీసీ 10. అంటే పాత సి లైబ్రరీ, కొత్త కంపైలర్. రెండూ వేరువేరు నిర్ణయాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

"జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_3.4.32 నాట్ ఫౌండ్" అన్నది మరో సంగతి. అది లిబ్‌ఎస్‌టీడీసీ++ తాలూకు ఎర్రర్. 3.4.30 జీసీసీ 12తో, 3.4.32 జీసీసీ 13.2తో వచ్చాయి. కొత్త రన్‌టైమ్ మీద పాత బైనరీ నడుస్తుంది, పాత రన్‌టైమ్ మీద కొత్త బైనరీ నడవదు. కోండా ఎన్విరాన్‌మెంట్‌లో పాత లిబ్‌ఎస్‌టీడీసీ++ ముందుగా లోడ్ అయిపోయి సిస్టం లైబ్రరీలు ఈ ఎర్రర్ ఇస్తుంటే, పిన్ చేయాల్సింది కంపైలర్‌ను కాదు, ఆ ఎన్విరాన్‌మెంట్‌లోని రన్‌టైమ్‌ను కొత్తది చేయాలి.

2015 నాటి జీసీసీ 5 ఎస్‌టీడీ స్ట్రింగ్‌కు కొత్త ఏబీఐ (బైనరీల స్థాయి ఒప్పందం) తెచ్చింది. పాత ఏబీఐతో బిల్డ్ అయిన లైబ్రరీకి లింక్ చేస్తే, పేరులో "సీఎక్స్ఎక్స్11" ఉన్న సింబళ్లు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. దీనికి జీసీసీ 4.8 వెతకడం వృథా ప్రయాస. _జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_యూజ్_సీఎక్స్ఎక్స్11_ఏబీఐ అన్న మాక్రోకు 0 విలువ ఇస్తే ఇవాళ్టి జీసీసీ కూడా పాత ఏబీఐతోనే కోడ్ తయారుచేస్తుంది.

రస్ట్ ప్రపంచంలో దీనికి తిరగేసిన పాఠం దొరికింది. కార్గో.లాక్‌లో డిపెండెన్సీలన్నీ అక్షరం తప్పకుండా పిన్ అయి ఉంటాయి, కంపైలర్ మాత్రం రస్టప్ అప్‌డేట్ చేసినప్పుడల్లా మారుతుంది. 2024 జులైలో వచ్చిన రస్ట్ 1.80లో ప్రామాణిక లైబ్రరీకి కొత్త ఇంప్లిమెంటేషన్ చేరి, టైమ్ అన్న క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పాత వెర్షన్లలో టైపు ఊహ తెగక ఎర్రర్లు వచ్చాయి. 0.3.35 కన్నా పాత టైమ్‌ను లాక్ చేసుకున్న ప్రాజెక్టులు చాలా ఒక్కసారిగా ఆగాయి. --లాక్డ్ పెట్టి ఇన్‌స్టాల్ చేసే జాగ్రత్తపరులే ముందు దెబ్బతిన్నారు. డిపెండెన్సీలు లాక్ చేస్తే రస్ట్-టూల్‌చెయిన్.టామ్ల్‌లో కంపైలర్‌నూ రాయాలి. లేదంటే రెంటినీ వదిలేసి కొత్తవాటితో నడవాలి. ఒకటి కట్టేసి ఒకటి వదిలేస్తే మిగిలేది ఎవరూ పరీక్షించని జోడీ.

పిన్ ఖరీదు

పిన్ చేసిన కంపైలర్ రోజురోజుకూ దూరమవుతుంది. డిస్ట్రో కొత్త విడుదలలో పాత జీసీసీ ప్యాకేజీలను తీసేస్తుంది. అప్పుడు దాన్ని సోర్సు నుంచి మీరే కట్టుకోవాలి, పాత జీసీసీని కొత్త సిస్టం మీద కట్టడం అంత తేలిక కాదు. జీలిబ్‌సీ 2.26లో యూకాంటెక్స్ట్ స్ట్రక్చర్ పేరు మారినందుకు పాత జీసీసీల లిబ్‌జీసీసీ బిల్డ్ ఆగిపోతుంది, సోర్సు ప్యాచ్ చేయాలి. 2.28లో యూస్టాట్ హెడర్ తొలగిపోయినందుకు పాత లిబ్‌శానిటైజర్ ఆగుతుంది, --డిసేబుల్-లిబ్‌శానిటైజర్‌తో తప్పించుకోవచ్చు.

కట్టక తప్పనప్పుడు పద్ధతి ఇది. సోర్సు విప్పి, లోపల కాంట్రిబ్ కింద ఉన్న డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్ స్క్రిప్టు నడిపితే జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ, ఐఎస్ఎల్ వస్తాయి. సోర్సు ఫోల్డర్‌లో కాక పక్కన వేరే ఖాళీ ఫోల్డర్‌లో కాన్ఫిగర్ నడపండి. --ప్రిఫిక్స్ కింద /ఆప్ట్ లోపల సొంత చోటు, --ఎనేబుల్-లాంగ్వేజెస్=సీ,సీ++, --డిసేబుల్-మల్టీలిబ్, --ప్రోగ్రామ్-సఫిక్స్=-12 ఇవ్వండి. బూట్‌స్ట్రాప్ ఆపితే సమయం బాగా తగ్గుతుంది, కానీ కంపైలర్ తనను తాను మూడుసార్లు కట్టుకుని పోల్చుకునే పరీక్ష పోతుంది. డిస్కులో కొన్ని గిగాబైట్లు ఖాళీ ఉంచుకోండి. ఇలా కట్టిన జీసీసీ సిస్టం దానికన్నా కొత్తదైతే, నడిచేటప్పుడు దాని లిబ్64 ఫోల్డర్ దొరికేలా ఆర్‌పాత్ (బైనరీలో రాసే లైబ్రరీ దారి) పెట్టడం మరవొద్దు.

భద్రత వైపు నష్టం కూడా ఉంది. స్టాక్ వేరియబుళ్లను సున్నాతో నింపే ఫ్లాగు, ఫోర్టిఫై (బఫర్ దాటి రాయడాన్ని పట్టే తనిఖీ) మూడో స్థాయి జీసీసీ 12 నుంచే ఉన్నాయి. ఎప్పుడో ఒక -ఎఫ్‌కామన్ ఎర్రర్ తప్పించుకోవడానికి జీసీసీ 9కు పిన్ అయిపోయిన నెట్‌వర్క్ సర్వీసు ఇవాళ ఈ రెండూ లేకుండా నడుస్తోంది. ఎవరూ కావాలని తీసుకున్న నిర్ణయం కాదది.

కాబట్టి పిన్ పైన కామెంటులో నాలుగు సంగతులు ఉండాలని నేను పట్టుబడతాను: ఆగిపోయిన ఎర్రర్ లైను యథాతథంగా, ఫ్లాగుతో ఎందుకు కుదరలేదో, ఆ ప్రాజెక్టు బగ్ ట్రాకర్‌లో సంఖ్య, ఏ వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ చూడాలో. సీఐలో రెండు జాబ్‌లు పెట్టండి. పిన్ చేసినది పాసవ్వాల్సిందే. కొత్త కంపైలర్‌తో నడిచేది ఫెయిలైనా బిల్డ్ ఆగదు, కానీ దాని ఫలితం ఎవరో ఒకరు చూడాలి. కంటైనర్ ఇమేజ్‌ను జీసీసీ:13 అన్న ట్యాగుతో వాడితే అది 13.2 నుంచి 13.3కు చెప్పకుండా జరుగుతుంది. మామూలు పనికి పర్వాలేదు, విడుదల బైనరీలకైతే ట్యాగు బదులు డైజెస్ట్ (ఆ ఇమేజ్‌కే చెందిన చెక్‌సమ్) రాయండి. సీక్యాష్ (కంపైల్ ఫలితాలు దాచి మళ్లీ వాడేది) వాడుతుంటే కంపైలర్‌చెక్‌ను కంటెంట్‌కు మార్చండి. డిఫాల్ట్‌గా అది కంపైలర్ ఫైలు సైజు, సమయమే చూస్తుంది.

రెండో జాబ్ పచ్చగా మారిన రోజు పిన్ తీసేయండి. ఖాళీ ఫోల్డర్‌లో బిల్డ్ చేసి, కాన్ఫిగ్.హెచ్‌లు పోల్చి, టెస్టులు నడిపి, చివర్న బైనరీ మీద "రీడెల్ఫ్ -పీ .కామెంట్" నడిపి చూడండి. ఏ జీసీసీ తయారుచేసిందో అందులో ఉంటుంది. రెండు వెర్షన్లు కనిపిస్తే కంగారు పడకండి. జీలిబ్‌సీతో వచ్చే సీఆర్‌టీ ఆబ్జెక్ట్ ఫైళ్లు వేరే జీసీసీతో బిల్డ్ అయి ఉంటే వాటి పేరూ అక్కడ చేరుతుంది. మూడోది కనిపిస్తే మాత్రం, ఏదో స్టాటిక్ లైబ్రరీ ఇంకా పాత కంపైలర్‌తో బిల్డ్ అయి లోపలికి వస్తోందేమో చూడాలి. ఆ లైబ్రరీ బిల్డ్ స్క్రిప్టులో మరో పిన్ ఉండి ఉండవచ్చు.